గుసగుసని గానంగా మార్చే పెట్టె!

లక్ష పెట్టి టర్న్‌టేబుల్ కొంటారు. అరలక్ష పోసి ముల్లు బిగిస్తారు. అయినా పాటలో ప్రాణం ఉండదు. లోపం ఎక్కడ? చాలాసార్లు, ఎవరూ పట్టించుకోని ఓ చిన్న పెట్టెలో. దాని పేరు ఫోనో స్టేజ్. ఎల్పీ రికార్డులు మళ్లీ వెలుగు చూస్తున్న ఈ రోజుల్లో ఖరీదైన ఫోనో స్టేజ్‌ని ఎలా ఎంచుకోవాలి? ఎక్కడ డబ్బు సద్వినియోగమవుతుంది, ఎక్కడ వృథా అవుతుంది?

నల్లటి ప్లేటు తిరుగుతూ ఉంటుంది. వెంట్రుకంత సన్నని గాడిలో వజ్రపు మొన వణుకుతూ సాగుతుంది. ఆ వణుకే విద్యుత్తుగా మారుతుంది. ఇంతకీ ఎంత విద్యుత్తు? చేతిగడియారంలో వేసే బిళ్ల బ్యాటరీ ఇచ్చేది ఒకటిన్నర వోల్టులు. జపాన్‌కి చెందిన డెనాన్ కంపెనీ డీఎల్-103 కార్ట్రిడ్జ్ ఇచ్చేది 0.3 మిల్లీవోల్టులు. అంటే బిళ్ల బ్యాటరీలో అయిదువేలో వంతు!

ఘంటసాల గొంతులోని గాంభీర్యమైనా, సుబ్బులక్ష్మి సుప్రభాతంలోని ప్రశాంతత అయినా మొదట పుట్టేది అంత చిన్న గుసగుసగానే. దాన్ని యాంప్లిఫయర్‌కి వినిపించేంత పెద్దది చేసేదే ఫోనో స్టేజ్. ఇక్కడ ఏ కాస్త మలినం కలిసినా ఆ తరవాత వచ్చే యాంప్లిఫయర్, స్పీకర్లు ఎంత గొప్పవైనా దాన్ని తీసేయలేవు. పైగా అదీ పెద్దదై వినిపిస్తుంది. పాలల్లో పడ్డ ఉప్పురాయిలాంటిదన్నమాట!

అందుకే విదేశాల్లో ఒక్క ఫోనో స్టేజ్ కోసమే లక్షల రూపాయలు ఖర్చుపెట్టేవాళ్లున్నారు. అమెరికాలో పాస్ ల్యాబ్స్, బౌల్డర్, మ్యాన్లీ, బ్రిటన్‌లో నేమ్, రేగా, స్విట్జర్లాండ్‌లో సీహెచ్ ప్రెసిషన్, ఎఫ్ఎం ఎకూస్టిక్స్... ఇలా ఖరీదైన ఫోనో స్టేజ్‌లు తయారుచేసే సంస్థలు చాలానే ఉన్నాయి. వాటిలో ఏది గొప్పది అని అడిగితే నిపుణులు తిరిగి వేసే ప్రశ్న ఒకటే... 'ముందు మీ ముల్లేమిటో చెప్పండి' అని!

పోయింది... తిరిగొచ్చింది

1970ల్లో వచ్చిన యాంప్లిఫయర్లలో ఈ ఏర్పాటు లోపలే ఉండేది. వెనకవైపు 'ఫోనో' అని రాసున్న రంధ్రంలో తీగ గుచ్చితే సరిపోయేది. 1982లో సీడీ వచ్చింది. సీడీ ప్లేయర్‌ నుంచి వచ్చే సిగ్నల్ దాదాపు రెండు వోల్టులు. దానికి ఈ హంగామా అక్కర్లేదు. దాంతో 1990ల నాటికి చాలా కంపెనీలు యాంప్లిఫయర్లలోంచి ఆ భాగాన్ని తీసేశాయి. ప్లేట్లను వదలని అభిమానుల కోసం అది విడిగా ఓ పెట్టె రూపం దాల్చింది. అలా పుట్టిన చిన్న మార్కెట్టే ఇప్పుడు పెద్దదైంది.

అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం 'ఆర్ఐఏఏ' లెక్కల ప్రకారం 2022లో ఆ దేశంలో 4.1 కోట్ల వినైల్ ఆల్బమ్‌లు అమ్ముడైతే సీడీలు 3.3 కోట్లే. సంఖ్యలో సీడీలను ప్లేట్లు దాటడం 1987 తరవాత అదే మొదటిసారి. ఎప్పుడో 1972లో వచ్చి 2010లో ఆగిపోయిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200 టర్న్‌టేబుల్ సైతం 2016లో కొత్త రూపంలో మళ్లీ బయటికొచ్చింది.

తగ్గించి చెక్కి... పెంచి వినిపించి

ఫోనో స్టేజ్ చేసేది ఒక పని కాదు, రెండు. సిగ్నల్‌ని పెద్దది చేయడం మొదటిది. రెండోది ఇంకా ముఖ్యమైంది. వంకరగా వచ్చిన స్వరాన్ని సరిచేయడం!

పాటని ఉన్నదున్నట్టు ప్లేటు మీద చెక్కడం కుదరదు. మృదంగం తొప్పి మోతలాంటి మంద్రధ్వనులకు గాడి బాగా అటూ ఇటూ ఊగుతుంది. పక్క గాడిని గుద్దుకోకుండా ఉండాలంటే గాడుల మధ్య చోటు వదలాలి. అప్పుడు ఒక్కో వైపు నాలుగు పాటలు కూడా పట్టవు. మరోవైపు తాళాల గలగలలాంటి సన్నని ధ్వనులు ప్లేటు గరగరలో కలిసిపోతాయి. అందుకని చెక్కేటప్పుడే మంద్రాన్ని తగ్గిస్తారు, సన్నని ధ్వనుల్ని పెంచుతారు. వినేటప్పుడు దాన్ని సరిగ్గా తిరగేయాలి. లేకపోతే పాట డొక్కు రేడియోలోంచి వచ్చినట్టు కీచుగా ఉంటుంది.

ఎంత తిరగేయాలో చెప్పే కొలతే ఆర్ఐఏఏ ఈక్వలైజేషన్. 1954లో అమెరికాలో ప్రమాణమైన ఈ పద్ధతిని క్రమంగా ప్రపంచమంతా అనుసరించింది. దీని ప్రకారం 1000 హెర్ట్జ్ ధ్వనిని ఒకటి అనుకుంటే 20 హెర్ట్జ్ దగ్గర దాదాపు తొమ్మిది రెట్లు పెంచాలి. 20 వేల హెర్ట్జ్ దగ్గర పదోవంతుకు తగ్గించాలి. ఆ రెండు కొసల మధ్య తేడా దాదాపు 90 రెట్లు! ఈ వంపుని ఎంత నిక్కచ్చిగా గీయగలరన్నదే మంచి ఫోనో స్టేజ్‌కి తొలి పరీక్ష. పేరున్న కంపెనీలు 0.2 డెసిబెల్, కొన్నయితే 0.1 డెసిబెల్ కన్నా తేడా రానివ్వమంటాయి. ఎడమవైపూ కుడివైపూ ఆ వంపు ఒకేలా ఉండటం కూడా అంతే అవసరం. లేకపోతే మధ్యలో నిలబడి పాడాల్సిన గాయకుడు ఓ పక్కకి జరిగిపోతాడు.

మరి అంతకుముందు ప్లేట్ల సంగతి? అప్పట్లో కొలంబియా, డెకా... ఎవరి కొలత వాళ్లదే. అందుకే ఎఫ్ఎం ఎకూస్టిక్స్‌లాంటి కొన్ని ఖరీదైన ఫోనో స్టేజ్‌లలో పాత కొలతలకు తగ్గట్టు మార్చుకునే నాబ్‌లుంటాయి. ఇవి అందరికీ అవసరమా అంటే... కాదు. ఇంట్లో ఉన్నవన్నీ 1960ల తరవాతి ఎల్పీలైతే ఆ సౌకర్యం కోసం అదనంగా డబ్బు పోయడం దండగ. అదే 1950ల నాటి తెలుగు సినిమా పాటలున్న 78 ఆర్పీఎం ప్లేట్లు అటక మీద ఉన్నాయనుకోండి, అప్పుడది పనికొస్తుంది. అయితే వాటికి ఈ పెట్టె ఒక్కటే చాలదు. 78 తిరిగే టర్న్‌టేబుల్ కావాలి. ముల్లు కూడా వేరే కావాలి. ఎల్పీ ముల్లు మొన 25 మైక్రాన్లు, అంతకన్నా తక్కువ ఉంటే, 78 ప్లేట్ల వెడల్పాటి గాడికి దాదాపు 75 మైక్రాన్ల మొన ఉండాలి. ఎల్పీ ముల్లుని వాటిమీద పెడితే గాడి అడుగున దొర్లుతూ గరగరని మాత్రమే తవ్వి తెస్తుంది.

ఈడూ జోడూ కుదరాలి

కార్ట్రిడ్జ్‌లు ప్రధానంగా రెండు రకాలు. అయస్కాంతం కదిలేది ఎంఎం. తీగచుట్ట కదిలేది ఎంసీ. ఎంఎం ఇచ్చేది సుమారు మూడు నుంచి ఆరు మిల్లీవోల్టులు. ఆర్టోఫాన్ 2ఎం రెడ్‌నే తీసుకుంటే 5.5 మిల్లీవోల్టులు. ఎంసీ రకాలు ఎక్కువగా 0.2 నుంచి 0.5 మిల్లీవోల్టులే ఇస్తాయి. కదిలే భాగం తేలిగ్గా ఉంటుంది కాబట్టి సూక్ష్మమైన వివరాలు బాగా పలికిస్తాయని ఖరీదైన కార్ట్రిడ్జ్‌లలో ఎక్కువగా ఈ పద్ధతే వాడతారు.

ఎంఎంకి 40 డెసిబెల్స్ పెంపు చాలు. అంటే వంద రెట్లు. ఎంసీకి 60 డెసిబెల్స్ కావాలి. అంటే వెయ్యి రెట్లు. ఇక్కడే చాలామంది బోల్తాపడతారు. 0.3 మిల్లీవోల్టుల డీఎల్-103ని 40 డెసిబెల్స్ పెట్టెకి కలిపితే వచ్చేది 30 మిల్లీవోల్టులు. యాంప్లిఫయర్‌కి అది ఏ మూలకీ చాలదు. వాల్యూమ్ చివరిదాకా తిప్పితే పాటకన్నా ముందు 'స్‌స్‌స్' అనే చప్పుడు పైకొస్తుంది. 60 డెసిబెల్స్‌తో అదే 300 మిల్లీవోల్టులవుతుంది. ఇక హాయిగా వినొచ్చు. పోనీ ఎందుకైనా మంచిదని ఎక్కువ పెంపున్నది కొంటే? 5.5 మిల్లీవోల్టుల ఎంఎంని వెయ్యి రెట్లు పెంచితే మామూలు ధ్వనికే 5.5 వోల్టులు! పాట తారస్థాయికి వెళ్లిన చోటల్లా సిగ్నల్ తెగిపోయి గొంతు పగిలినట్టు వినిపిస్తుంది.

కాబట్టి ఎంతైనా మార్చుకునే వీలున్న పెట్టె భవిష్యత్తులో ముల్లు మార్చినా పనికొస్తుంది. మ్యాన్లీ స్టీల్‌హెడ్ అందుకే పేరు తెచ్చుకుంది. 50 నుంచి 65 డెసిబెల్స్ దాకా నాలుగు మెట్లు, ముల్లుకి తగ్గ లోడ్... అన్నీ ముందువైపు నాబ్‌లతోనే మార్చుకోవచ్చు. చౌకరకాల్లో, కొన్ని ఖరీదైన వాటిల్లోనూ పెట్టె విప్పి లోపలి చిన్న స్విచ్చుల్ని జరపాల్సి ఉంటుంది. ఒకే ముల్లు వాడేవాళ్లకి అది ఇబ్బందేమీ కాదు. ఒకసారి పెడితే అయిపోతుంది.

లోడ్ అంటే కార్ట్రిడ్జ్‌కి ఎదురుగా ఉండే విద్యుత్ నిరోధం. ఎంఎంకి ఇది ఎక్కడైనా 47 కిలో ఓమ్‌లే. కానీ దాంతోపాటు కెపాసిటెన్స్ కూడా చూడాలి. ఆడియో టెక్నికా వీఎం95 వరస ముళ్లకి 100 నుంచి 200 పికోఫారడ్‌లు ఉండాలని కంపెనీయే చెబుతుంది. టర్న్‌టేబుల్ తీగలోనే వంద దాకా ఉండొచ్చు. పెట్టెలో ఇంకో 200 ఉంటే లెక్క మీరిపోయినట్టే. స-శ-ష అక్షరాల దగ్గర గొంతు చురుక్కుమనడానికి ఇదో కారణం. మూడు వేల రూపాయల తీగ మారిస్తే పోయే జబ్బుకి మూడు లక్షల పెట్టె కొన్నవాళ్లుంటే ఆశ్చర్యం లేదు!

ఎంసీకి కెపాసిటెన్స్ గొడవ పెద్దగా ఉండదు కానీ నిరోధం ముఖ్యం. కార్ట్రిడ్జ్ అంతర్గత నిరోధానికి దాదాపు పది రెట్లు ఉండాలన్నది వాడుకలో ఉన్న బండగుర్తు. అక్కణ్నుంచి కాస్త అటూ ఇటూ మార్చి చెవికి ఇంపైన చోట ఆపుకోవాలి.

వాల్వా... ట్రాన్సిస్టరా... టార్చిలైటు సెల్సా?

వాల్వ్ రేడియో వేడెక్కేదాకా ఎదురుచూసిన తరానికి ఈ మాట కొత్తకాదు. ఫోనో స్టేజ్‌లలో వాల్వులకి ఇప్పటికీ గిరాకీ ఉంది. 1958లో వచ్చిన మరాంట్జ్ 7 ప్రీయాంప్లిఫయర్ ఇందుకు ఆదిగురువులాంటిది. బ్రిటన్‌లో టిమ్ డి పారావిచీని రూపొందించిన ఈఏఆర్ 834పి మూడు వాల్వుల చిన్న పెట్టె. 2020లో ఆయన కన్నుమూసినా దాని అభిమానులు మాత్రం తగ్గలేదు. గొంతుకి నిండుదనం తెస్తాయని వాల్వులకు పేరు. అయితే అవి అరిగిపోతాయి, మార్చాలి. కొన్ని వాల్వులు చప్పుడు చేస్తాయి, ఏరుకోవాలి. అతి తక్కువ వోల్టేజీ ఎంసీలకి ఒంటరిగా వాల్వుల వల్ల కాదు. చాలావాటిలో ముందు ఓ ట్రాన్స్‌ఫార్మర్ పెడతారు.

ఈ స్టెపప్ ట్రాన్స్‌ఫార్మర్ లెక్క సరదాగా ఉంటుంది. 1:10 నిష్పత్తి ఉన్నది 0.3 మిల్లీవోల్టుల్ని మూడు చేస్తుంది. అప్పుడది ఎంఎంతో సమానం. కానీ అదే సమయంలో 47 కిలో ఓమ్‌ల లోడ్‌ని పదికి వర్గం, అంటే వంద వంతులు తగ్గించి 470 ఓమ్‌లుగా కార్ట్రిడ్జ్‌కి చూపిస్తుంది. 1:20 అయితే 117 ఓమ్‌లు. ఇంకా ఎక్కువ కావాలని 1:40 పెడితే 29 ఓమ్‌లే. డీఎల్-103 సొంత నిరోధమే 40 ఓమ్‌లు. దాంతో సిగ్నల్‌లో సగానికి పైగా అక్కడే హరించుకుపోతుంది. పెంచుదామని పోతే పోగొట్టుకున్నట్టు! ట్రాన్స్‌ఫార్మర్ కొనేటప్పుడు పెద్ద అంకె కాదు, కుదిరే అంకె చూడాలనేది అందుకే.

ట్రాన్సిస్టర్లతో చేసినవి నిశ్శబ్దానికి పెట్టింది పేరు. పాస్ ల్యాబ్స్ ఎక్స్‌పీ-27లో కరెంటు సరఫరా ఒక పెట్టెలో, సిగ్నల్ మరో పెట్టెలో ఉంటాయి. ఒకదాని గోల ఇంకోదానికి తగలకుండా ఈ ఏర్పాటు. అమెరికాకే చెందిన సదర్లాండ్ సంస్థ ఇంకో అడుగు ముందుకేసింది. గోడలోంచి వచ్చే కరెంటే వద్దనుకుంది. దాని 'పీహెచ్‌డీ' ఫోనో స్టేజ్ పెద్ద టార్చిలైట్లలో వేసే డి సైజు సెల్స్ పదహారింటితో పనిచేసేది!

వోల్టేజీకి బదులు కరెంటుని పెంచే రకం మరొకటి. సీహెచ్ ప్రెసిషన్ పీ1లో రెండు పద్ధతులూ ఉన్నాయి. కరెంటు పద్ధతిలో లోడ్ ఎంతన్న తలనొప్పి ఉండదు. అయితే కార్ట్రిడ్జ్ నిరోధం బాగా తక్కువగా, పది ఓమ్‌ల లోపు ఉంటేనే ఇది రాణిస్తుంది. 40 ఓమ్‌ల డీఎల్-103కి ఇది సరిజోడీ కాదు. ఎంత గొప్పదైనా సరే!

ఇక డీఎస్ ఆడియో అనే జపాన్ సంస్థ కాంతితో పనిచేసే కార్ట్రిడ్జ్‌లు తెచ్చింది. వాటికి మామూలు ఫోనో స్టేజ్ అసలు పనికిరాదు. ప్రత్యేకమైన ఈక్వలైజర్ కావాల్సిందే.

50 హెర్ట్జ్ 'హమ్మ్'

మన ఇళ్లలోకి వచ్చే కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఫోనో స్టేజ్‌ల విషయంలో ఆ 50 పెద్ద విలన్. ఎందుకంటే ఆర్ఐఏఏ వంపు 50 హెర్ట్జ్ ధ్వనిని దాదాపు ఏడు రెట్లు పెంచుతుంది. తీగలోకి చొరబడిన కాస్తంత కరెంటు గోలని కూడా మంద్రధ్వని అనుకుని ఈ పెట్టె ఘనంగా పెంచి పంపిస్తుంది. ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేకపోతే ఎంత ఖరీదైన ఫోనో స్టేజ్ పెట్టినా 'హమ్మ్' అనే తుమ్మెద మోత పోదు. అందుకే పెట్టె కొనడానికి ముందు ఎలక్ట్రీషియన్ని పిలిచి ఎర్త్ చూపించుకోవడం ఉత్తమం. టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సన్నని ఎర్త్ తీగని ఫోనో స్టేజ్‌ మీది మరకి బిగించాలి. యాంప్లిఫయర్‌లోని పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌కి ఈ పెట్టెని దూరంగా ఉంచాలి. బ్యాలెన్స్‌డ్ తీగల సౌకర్యం ఉన్న పెట్టె అయితే ఎంసీ కార్ట్రిడ్జ్‌లకి ఇంకా మంచిది. దారిలో కలిసిన గోలని అది చాలామటుకు రద్దుచేస్తుంది.

అమెరికాలో ఉన్న పిల్లలతో తెప్పించుకునేవాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి. అక్కడి పరికరాలు 120 వోల్టులవి. 230 వోల్టులకి మార్చుకునే వీలుందో లేదో కంపెనీని అడగకుండా సాకెట్లో పెడితే లక్షలు ఒక్క 'టప్'తో సరి.

చెవే జడ్జి... కానీ మోసపోతుంది!

షోరూమ్‌లో రెండు పెట్టెల్ని పోల్చినప్పుడు ఏది కాస్త గట్టిగా వినిపిస్తే అదే బాగుందనిపిస్తుంది. ఇది చెవి బలహీనత. పెంపు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది కాబట్టి వాల్యూమ్ సమానం చేయకుండా పోల్చడం అర్థంలేని పని. సెల్‌ఫోన్‌లోని సౌండ్ మీటర్ యాప్‌తోనైనా రెండూ ఒకే స్థాయిలో ఉండేలా చూసుకోవాలి. ఏది మోగుతోందో తెలియకుండా వేరేవాళ్ల చేత మార్పించి వింటే ఇంకా మేలు. ధర చూశాక చెవికి నిష్పక్షపాతం ఉండదు మరి.

వినే ప్లేటు కూడా సొంతదై ఉండాలి. వందసార్లు విన్న పాటలోనే తేడా తెలుస్తుంది. గొంతు వెనక తంబుర ఆగకుండా వినిపిస్తోందా, స్వరంలో కలిసిపోతోందా? మృదంగంలో ఎడమచేతి గుమ్కీ సాగుతోందా, ఉత్త 'డుబ్' అనేస్తోందా? ప్లేటు మీద గీతపడ్డ చోట వచ్చే చప్పుడు చటుక్కున వచ్చి పోతోందా, లేక పాటనీ ఓ క్షణం మింగేస్తోందా? ఈ చివరిది ముఖ్యం. పెద్ద సిగ్నల్‌ని తట్టుకునే శక్తి తక్కువున్న పెట్టెల్లో ఆ చప్పుడు మరింత కరకుగా వినిపిస్తుంది. చివరగా ముల్లు పైకెత్తి వాల్యూమ్ పెంచి వినాలి. ఆ నిశ్శబ్దమే పెట్టె అసలు నాణ్యత.

ముందు ముల్లు... తరవాతే పెట్టె

చేతిలో రెండు లక్షలున్నాయి, అంతా ఫోనో స్టేజ్ మీదే పెట్టాలా? ఆగాలి. ముల్లు మొన ఆయుష్షు రకాన్నిబట్టి సుమారు 500 నుంచి 1000 గంటలు. రోజుకో ఎల్పీ రెండువైపులా వింటే 500 గంటలు రెండేళ్లలో అయిపోతాయి. అరిగిన మొన పాటని పాడుచేయడమే కాదు, గాడినే కోసేస్తుంది. పెట్టె పాడైతే ఇంకోటి కొనొచ్చు. నాన్న కొన్న ప్లేటు గాడి అరిగితే ఎంత డబ్బు పోసినా తిరిగిరాదు. ఏ ఫోనో స్టేజూ లేని స్వరాన్ని తేలేదు.

అందుకే ముందు మంచి మొన, దాన్ని సరైన కోణంలో, సరైన బరువుతో అమర్చడం, శుభ్రమైన ప్లేటు. ఆ తరవాత ఆ కార్ట్రిడ్జ్‌కి సరిపడే పెట్టె. ధర పెరిగేకొద్దీ నిశ్శబ్దం, నిక్కచ్చితనం, అమరికల సౌలభ్యం పెరుగుతాయి. కొంత దూరం వెళ్లాక పెరిగేది మందపాటి అల్యూమినియం పెట్టె బరువే. ఆ గీత ఎక్కడుందో సొంత ఇంట్లో, సొంత ప్లేటుతో విని తేల్చుకోవాలి. వారం రోజులు ఇంటికి పట్టుకెళ్లి వినమనే దుకాణం దొరికితే, పది శాతం తగ్గింపు ఇచ్చే దుకాణం కన్నా అదే లాభం!

కొనేముందు...

* కార్ట్రిడ్జ్ ఎంఎంనా, ఎంసీనా? ఎన్ని మిల్లీవోల్టులు? అంతర్గత నిరోధం ఎంత? ఈ మూడూ కాగితం మీద రాసుకున్నాకే దుకాణానికి వెళ్లాలి.

* ఎంఎంకి 40, ఎంసీకి 60 డెసిబెల్స్ చుట్టుపక్కల పెంపు ఉందా? ముల్లు మారిస్తే మార్చుకోవచ్చా?

* ఎంఎం అయితే టర్న్‌టేబుల్ తీగ, పెట్టె రెండింటి కెపాసిటెన్స్ కలిపి లెక్కేశారా?

* ప్లేట్లు వంకరపోయి ఉంటే స్పీకర్ కోన్ ఊరికే ఊగుతుంది. దాన్ని అడ్డుకునే సబ్‌సోనిక్ ఫిల్టర్ ఉందా? అక్కర్లేనప్పుడు ఆపేసే స్విచ్ ఉందా?

* వాల్వ్ రకమైతే ఆ వాల్వులు ఇప్పటికీ తయారవుతున్నాయా? దొరుకుతాయా?

* 230 వోల్టులదేనా? మరమ్మతు మన దేశంలో అవుతుందా, సముద్రం దాటాలా?

* పాత ముల్లు ఎన్ని గంటలు తిరిగింది? ఈ ప్రశ్నకి జవాబు తెలియకపోతే... ముందు కొనాల్సింది పెట్టె కాదు, ముల్లు!